ఎల్లమాస పిలుపు

జహీరాబాద్‌లో ఎల్లమాస నాడు ఊళ్లో మిగిలేది రెండే రకాల మనుషులు. డ్యూటీ ఉన్న పోలీసులు ఒక రకం, పొలానికి రమ్మని పిలిచే దిక్కు లేనివాళ్లు రెండో రకం. మేము రెండో రకం.

ఎల్లమాస అంటే ఏంటని హైదరాబాద్ వాళ్లు అడుగుతారు. మార్గశిరం చివర వచ్చే అమావాస్య అది. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మా నాలుగు మండలాల్లో దసరా కన్నా పెద్ద పండుగ. ఆ రోజు సజ్జరొట్టెలు, భజ్జి, అంబలి గంపలకెత్తుకుని ఇంటిల్లిపాదీ పొలానికి పోతారు. నిలబడ్డ జొన్న మధ్యలో చిన్న గుడిసె వేసి, అయిదు రాళ్లకు సున్నం పూసి, పాండవులని మొక్కుతారు. ఆ తర్వాత గట్టు మీద కూర్చుని తినడమే పని. భజ్జి అంటే మిర్చిబజ్జీ కాదు. పచ్చి శనగలు, పచ్చి కందులు, చిక్కుడు, వంకాయ, మెంతికూర, ఇంకా చేతికందిన ఆకూ కాయా అంతా మజ్జిగలో శనగపిండి కలిపి ఉడికించే కూర. పొలం ఉన్నవాళ్లు లేనివాళ్లను పిలుస్తారు. పిలిపించుకున్నవాళ్లు ముందు రోజు నుంచే "మేము ఫలానా వాళ్ల పొలానికి పోతున్నం" అని బజారంతా చెప్పుకుంటూ తిరుగుతారు.

మా నాన్నది బైపాస్ మీద పంక్చర్ దుకాణం, దాని వెనకే ఇల్లు. నేను పుట్టకముందే అమ్మానాన్నలు పాలమూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడ పడ్డారు. దుకాణానికి వచ్చేవన్నీ బొంబాయి పోయే లారీలు. ఆ డ్రైవర్లకు టైరులో గాలి ఉంటే చాలు, మా పేర్లతో పని లేదు. చుట్టూ చుట్టాలు లేరు, సెంటు భూమి లేదు. చిన్నప్పుడు ఎల్లమాస నాడు దుకాణం ముందు పాత టైరు మీద కూర్చుని, గంపలు ఎత్తుకుని పోయే ఆడవాళ్లను, ట్రాక్టర్లలో కేకలు వేసుకుంటూ పోయే పిల్లలను చూసేదాన్ని. ఏం కావాలే నీకు అని అప్పుడు దేవుడు వచ్చి అడిగినా నేను సైకిల్ అడిగేదాన్ని కాదు. ఎవరో ఒకరు "రేఖా, మా పొలానికి రా" అనాలి. అంతే.

డిగ్రీ మొదటి ఏట ఆ మాట అన్న మనిషి భాగీరథి.

అప్పుడు ఆమెది ఆఖరి ఏడు. నేను కాలేజీలో చేరిన కొత్తలో బీకాం వాళ్ల గదిలో కూర్చుని, బీఎస్సీ పాఠం ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాను. అందరూ నవ్వుతుంటే భాగీరథి ఒక్కతే లోపలికి వచ్చి, చెయ్యి పట్టుకుని మా గదికి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి నేను ఆమెకు తోకనైపోయాను. బోనఫైడ్ మీద సంతకం ఎప్పుడు అడిగితే దొరుకుతుందో, ల్యాబ్‌లో ఏ స్టవ్ వెలగదో, ఏ సారు ముందు నోరు మూసుకోవాలో అన్నీ ఆమే చెప్పింది. మొగుడంపల్లి దగ్గర వాళ్లది పెద్ద సేద్యం. అల్లం, ఆలుగడ్డ, చెరకు.

ఆ ఏడు ఎల్లమాసకు ముందు వాళ్లమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చింది. మా అమ్మ నుదుట బొట్టు పెట్టి, "తప్పకుండ రావాలె, మీ కోసం జీపు పంపుతం" అన్నారు. మా అమ్మ ఆ బొట్టును సాయంత్రం దాకా చెరపలేదు. పొలంలో జంపఖానా పరిచి హెడ్మాస్టర్ గారి పక్కన, బ్యాంకు ఆఫీసర్ పక్కన మమ్మల్ని కూర్చోబెట్టారు. మాకే ముందు వడ్డించారు. భాగీరథి నెయ్యి గిన్నె పట్టుకుని నా చుట్టూనే తిరిగింది. తిన్నాక ప్లేటు కడగబోతే వాళ్లమ్మ లాక్కుని, "నువ్వు కూసో బిడ్డా, నీకేం పని" అంది. అంత మర్యాద నేను జన్మలో ఎరగను.

తర్వాత భాగీరథి పాసై హైదరాబాద్‌లో పీజీకి పోయింది. మొదట్లో రోజూ మాట్లాడేది. ఆ తర్వాత ఆదివారాలు. ఆ తర్వాత నేను మెసేజ్ పెడితే "బిజీరా, చేస్త" అని వచ్చేది. చేసేది కాదు. ఆమె మీద నాకు కోపం ఉండేది కాదు, బెంగ ఉండేది. గేటు దగ్గర ఎవరైనా ఆమె లాగా సంచీ అడ్డంగా వేసుకుని కనిపిస్తే నా కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. రెండో ఏడు ఎల్లమాసకు పొద్దున్నుంచీ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి మోగింది. రీఛార్జ్ అయిపోవచ్చిందని చెప్పడానికి కంపెనీ వాళ్లు చేశారు.

ఇక ఇది నా ఆఖరి ఏడు. పరీక్షలయ్యాక ఎక్కడ సీటొస్తే అక్కడికి పోవాలి. ఈసారి పిలుపు రాకపోతే ఇక రాదని నాకు తెలుసు.

ఈ ఏడే మా ప్రేమ్‌సాగర్ సారు కొత్త పథకం తెచ్చారు. దాని పేరు 'తోడు'. మొదటి ఏడు వాళ్లు సగం మంది దసరాకు ఇంటికి పోయి మళ్లీ రావడం లేదని, ఆఖరి ఏడు పిల్లలు ఒక్కొక్కరు ఇద్దరు కొత్తవాళ్లను చూసుకోవాలని ఆయన ఆలోచన. గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. అందులో మా అందరి ఫొటోలు కలిపినా ప్రిన్సిపాల్ గారి మీసమంత లేవు. "వాళ్లు మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు అనుకోండి" అన్నారు సారు. అనుకోవడానికేం, అనుకుంటే అయిపోయేదైతే నాకు ఊరినిండా అక్కలుండేవాళ్లు.

నా వంతుకు వచ్చినవాళ్లలో ఒకడు రాయికోడ్ నుంచి వచ్చే వికాస్. వాడికి నా తోడు అక్కర్లేదు, వాడే నాకు ఊళ్లో సంగతులన్నీ చెప్పేవాడు. రెండోది వర్షిత.

వర్షితది న్యాల్‌కల్ దాటాక సరిహద్దు పక్కన ఊరు. ఇంట్లో కన్నడం. పదో తరగతి దాకా అవతల బీదర్ దిక్కు కన్నడ బడిలో చదివి, ఇంటర్‌కు ఇటు వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది కానీ రాయాలంటే కన్నడ అక్షరాల్లోనే రాసుకుంటుంది. ఇంగ్లీషు కూడా అంతే. చున్నీ కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఏం చెప్పినా తలూపుతుంది. అర్థమైందా అంటే ఊపుతుంది, అర్థం కాలేదా అన్నా ఊపుతుంది. నాకు ముక్కు మీద కోపం. ఆ తల పట్టుకుని ఆపాలనిపించేది.

దసరా ఇంకా రాకముందే ఒక వారం ఆ పిల్ల కనిపించలేదు. ఫోన్ ఎత్తదు. "నీ పిల్ల ఏదమ్మా?" అని సారు అందరి ముందు అడిగారు. నాకు తిక్క లేచింది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా న్యాల్‌కల్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటో పట్టుకుని, ఊళ్లో ఇల్లు అడుక్కుంటూ పోయాను. గుమ్మంలో వాళ్ల నాయనమ్మ సావిత్రమ్మ కూర్చుని కంది బేడలు చెరుగుతోంది. ఆ ఇంట్లో అందరూ ఆమెను అవ్వ అంటారు.

"ఎవరు నువ్వు?" అంది.

"మీ పిల్లకు కాలేజీల అక్కను. ఆమె రాకపోతె తిట్లు నాకు పడుతున్నయ్. ఏది, బయటికి రమ్మను" అన్నాను, చెప్పులు విడవకుండానే.

ఆమె చేట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "లొల్లి తర్వాత చేద్దువు. ముందుగాల కాళ్లు కడుక్కో" అని చెంబు చేతికిచ్చింది. వర్షిత లోపల తలుపు వెనకుంది. కెమిస్ట్రీ ఒక్క ముక్క అర్థం కావడం లేదని, అందరూ నవ్వుతారని, ఇక రానని ఏడ్చింది. "నాకు మాత్రం అర్థమైందా? నేను పాస్ కాలేదా?" అన్నాను. ఆ మాటకు అవ్వ పకపకా నవ్వింది. జొన్నరొట్టె పెట్టింది. నేను తిన్నాను, తిని మళ్లీ తిట్టాను. మర్నాడు వర్షిత మొదటి బస్సులోనే దిగింది.

ఆ తర్వాత రోజూ ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చునేవాళ్లం. నేను తెలుగులో చెబితే తను కన్నడంలో రాసుకునేది. తిరిగి నాకే కన్నడంలో పాఠం చెప్పమనేదాన్ని. అట్లా తనకు రసాయన శాస్త్రం వచ్చింది, నాకు కన్నడం వచ్చింది. ఏది ఎక్కువ వచ్చిందో సారుకు చెప్పలేదు. అవ్వ పంపే వేరుశెనగ పొడి, చింత తొక్కు నా టిఫిన్‌లోకి వచ్చేవి. ఇంటర్నల్‌లో వర్షిత పాసైన రోజు పరుగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని నిలబడింది. భాగీరథి కూడా అప్పట్లో నా చెయ్యి ఇట్లాగే పట్టుకుంది కదా అనుకున్నాను. ఆ రోజే నా మనసులో ఆశ పడింది. ఈ పిల్ల నన్ను ఎల్లమాసకు పిలుస్తుంది. తప్పకుండా పిలుస్తుంది.

డిసెంబర్ వచ్చింది. పండుగకు వారం ఉందనగా వర్షిత పిలుపులు మొదలుపెట్టింది. నన్ను వెంటబెట్టుకునే తిరిగింది. స్టాఫ్ రూంకు పోయి, "సార్, ఎల్లమాసకు మా పొలానికి రావాలె సార్, మేడంను గూడ తీస్కొని రండి" అంది. ప్రేమ్‌సాగర్ సారు సంతోషంగా సరేనన్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ పీటర్ అన్నను పిలిచింది. తన బెంచీ పిల్లలను పిలిచింది. క్యాంటీన్ ఎల్లమ్మను, "నువ్వు రాకుంటె మా అవ్వ ఫికర్ చేస్తది" అని మరీ పిలిచింది. ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు నా దిక్కు తిరుగుతుంది, ఇప్పుడు అంటుంది అని చూశాను. తిరిగింది కానీ, "పోదామా అక్కా, క్లాస్ టైమైంది" అంది.

ఇంటికి వచ్చి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంకా రోజులున్నాయి కదా. భాగీరథి లాగా ఇంటికే వచ్చి పిలుస్తుందేమో. అమ్మతో చెప్పి గచ్చు కడిగించాను. ఎవరూ రాలేదు.

పండుగకు ముందు రోజు వర్షిత ఒక సంచీ మోసుకుంటూ బస్సు దిగింది. పిలవడానికే వచ్చిందనుకుని ఎదురు పోయాను. సంచీ నా కాళ్ల దగ్గర దించి, "అక్కా, సజ్జలు. మా ఊర్ల గిర్ని మోటార్ కాలింది. అవ్వ నీతోని పట్టియ్యిమన్నది. మరీ మెత్తగ వద్దంట, జర బరకగ ఉండాలంట" అంది.

"నాతోనా?"

"ఆఁ. నువ్వులు, బెల్లం గూడ నిన్నే చూసి తెమ్మన్నది. నేను తెస్తె నల్లవి తెస్తనంట."

అంతే. ఇంకేమన్నా చెబుతుందేమో అని సంచీ తాడు పట్టుకుని నిలబడ్డాను. తను క్లాసుకు పోయింది.

పండుగ ముందు రోజు పిండి పట్టే గిర్నీ దగ్గర ఎంత రద్దీ ఉంటుందో ఈ ఊరివాళ్లకు తెలుసు. మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి వరసలో నిలబడ్డాను. పిండి దుమ్ము నెత్తిన పడి నేనూ ముసలిదాన్నయ్యాను. "ఎవరి పొలానికి పోతున్నవమ్మా?" అని గిర్నీ అతను మామూలుగా అడిగాడు. "ఎవరి పొలానికీ లేదు. కూలికి పట్టిస్తున్న" అన్నాను. అతను నవ్వాడు, నేను నవ్వలేదు. పనికైతే అక్క, పండుగకైతే పరాయిది. పీటర్ అన్నకు ఉన్న విలువ నాకు లేదు. గేటు తీసి మూసే మనిషికి పిలుపొచ్చింది. నెలల తరబడి మెట్ల మీద కూర్చుని గొంతు పోగొట్టుకున్నదానికి సజ్జల సంచీ వచ్చింది. అయినా పిండి చేత్తో పట్టి చూసి, బరకగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. నువ్వులు నాలుగు దుకాణాలు తిరిగి తెల్లవి తెచ్చాను. ఎందుకు తిరిగానో నాకే తెలియదు.

బస్టాండ్‌లో వికాస్ ఎదురయ్యాడు. వాళ్లకే సొంత పొలం ఉంది, అయినా రేపు వర్షిత వాళ్ల పొలానికి కూడా వచ్చి పోతానని చెప్పాడు. "నువ్వు వాళ్ల కాడికే గద అక్కా?" అన్నాడు. వాడు నన్ను దెప్పుతున్నాడనుకున్నాను. "నీ పని నువ్వు చూస్కో" అని కసిరాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే అదే. పాపం వాడి మొహం చిన్నబోయింది.

వర్షిత బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పిండి సంచీ, బెల్లం, నువ్వులు అందించాను. "అడగందే అమ్మైనా పెట్టదు, అడిగెయ్యి" అని లోపల ఒక గొంతు అంది. 'నన్నెందుకు పిలవలేదే' అన్న రెండు ముక్కలు నోటి దాకా వచ్చాయి కూడా. కానీ అడిగి పిలిపించుకుంటే అది పిలుపెట్లా అవుతుంది? పిలవని పేరంటానికి పోయే రకం కాదు నేను. "సరే అక్కా" అని వర్షిత నవ్వుతూ చెయ్యి ఊపింది. బస్సు పోయింది.

ఎల్లమాస నాడు పొద్దున్నే ఫోన్ ఆఫ్ చేసి అమ్మ చీరల కింద పెట్టేశాను. పోయిన ఏడు లాగా దాన్ని చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. "మీ పిల్ల పిలువలేదా?" అంది అమ్మ. "పిలువలే" అన్నాను. ఆమె పప్పు పొయ్యి మీద పెట్టింది. ఊరంతా గంపలెత్తుకుని పోయాక మా ఒక్క ఇంట్లో పప్పు ఉడుకుతుంటే ఆ వాసనకే నాకు ఏడుపొచ్చింది.

బజారంతా షట్టర్లు దించి ఉంది. మధ్యాహ్నానికి కుక్కలు కూడా రోడ్డు మధ్యలోకి వచ్చి పడుకున్నాయి. నాన్న ఒక లారీ టైరు విప్పుతుంటే పక్కన కూర్చుని పానాలు అందించాను. మనసు మాత్రం న్యాల్‌కల్ అవతల ఉంది. ఇప్పటికి గుడిసె వేసి ఉంటారు. ఇప్పటికి రాళ్లకు సున్నం పూసి ఉంటారు. నేను పట్టించిన పిండితో చేసిన రొట్టె ప్రేమ్‌సాగర్ సారు తింటూ ఉంటారు. నాకు తినాలని లేదు. ఆ గట్టు మీద, ఆ పిల్ల పక్కన, ఎండలో కూర్చోవాలని ఉంది. ఎంత ఉందంటే, అది బయటికి చెప్పుకోవడానికే సిగ్గనిపించేంత.

పొద్దుగూకే వేళకు ట్రాక్టర్లు తిరిగి రావడం మొదలైంది. అప్పుడు ఫోన్ తీసి ఆన్ చేశాను. వర్షిత చేసినట్టు వరసగా మిస్‌డ్ కాల్ మెసేజ్‌లు వచ్చాయి. ఇంకో నంబర్ నుంచి కూడా ఉన్నాయి. వెంటనే చేద్దామని వేలు నంబర్ మీదికి పోయింది. కానీ నా కోపం నాకన్నా ముందు లేచింది. పొద్దుటి నుంచీ గుర్తురానిదాన్ని ఇప్పుడెందుకు? మిగిలిన రొట్టెలు తీసుకుపొమ్మనా? మళ్లీ ఆఫ్ చేశాను.

మర్నాడు పొద్దున్నే మా దుకాణం ముందు ఆటో ఆగింది. సావిత్రమ్మ అవ్వ నెమ్మదిగా దిగింది. చేతిలో గుడ్డ కప్పిన గంప ఉంది. వెనక వర్షిత దిగి, నా మొహం చూడకుండా టైర్ల కుప్ప దగ్గర నిలబడింది.

అవ్వ వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "పానం బాగలేదా బిడ్డా? దవాఖానకు పోయినవా?"

"బాగనే ఉన్న అవ్వా."

"మరి నిన్న ఎందుకు రాలే?"

రాత్రంతా కడుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "పిలిస్తె గద వచ్చేది. ఊరందర్ని పిలిచింది. పీటరన్నను పిలిచింది, ఎల్లమ్మను పిలిచింది. నా చేతుల సజ్జల సంచి పెట్టింది. పిలువకుండ నేనెట్లొస్త?"

అవ్వ నా దిక్కు వింతగా చూసింది. నేను పరాయి భాషలో మాట్లాడినట్టు ఆమె మొహం అయింది.

"నిన్నెందుకు పిలుస్తరే?" అంది.

ఆ మాట నా చెంప మీద తగిలింది. కానీ ఆమె అక్కడితో ఆపలేదు.

"పిలిచేది వచ్చిపొయ్యే సుట్టాలను. మీ సార్ సుట్టం, పీటర్ సుట్టం. వాళ్లను పిలువకపోతె రారు, పిలిచి కూసోవెట్టి పెట్టాలె. ఇంటి పిల్లను ఎవరన్న పిలుస్తరా? నా కొడుకును పిలిచిన్నా నేను? దీన్ని పిలిచిన్నా? ఎల్లమాస పిండి పరాయోళ్ల చేతికి ఇస్తరా ఎవరన్న? అది నీ చేతుల పెట్టినంక ఇంకేం పిలుపు కావాలె నీకు?"

నేను వర్షిత దిక్కు చూడబోతే అవ్వ నన్ను తన దిక్కు తిప్పుకుంది.

"మొదటిపారి మా ఇంటికి వచ్చిన్నాడు నిన్నెవరు పిలిచిన్రు? చెప్పులతోని గుమ్మంల నిలవడి నా మీద లొల్లి చేసినవు. గప్పటి సంది నువ్వు మా పిల్లవే అనుకుంటున్న నేను" అంది. ఆమె గొంతులో కోపం కూడా ఉంది, అది నాకు అప్పుడు వినపడింది. "సుట్టాలు తిని లేసి పోయిన్రు. వడ్డిచ్చెతందుకు చేతులు సాలలే మాకు. ఆళ్లు పోయినంక ఇంటోళ్లం కూసోవాలె గద? నువ్వు రానిదే ఎట్ల కూసుంటం? దీని నాయన రెండుపార్లు బస్సు కాడికి పోయి వచ్చిండు. నీ ఫోన్ బంద్. ఏమన్న అయిందేమో అని అందరం ఆగమైనం. పొద్దుగూకినంక ఇంత తిన్నం."

నేను టైరు మీద కూలబడ్డాను. అక్కర్లేని మాటే అన్నాను. "భాగీరథక్క నన్ను బొట్టువెట్టి పిలిచిందవ్వా."

"ఎవరామె?"

"కాలేజీల మా అక్క. నాకు అన్నీ ఆమెనే నేర్పింది. ఎల్లమాసకు జీపు పంపిన్రు. జంపఖానా మీద కూసోవెట్టి మాకే ముందుగాల వడ్డిచ్చిన్రు. ప్లేటు గూడ ముట్టనియ్యలే."

అవ్వ తలూపింది. "మంచోళ్లు. సుట్టాన్ని మంచిగ చూసుకున్నరు" అంది.

ఆమె మామూలుగానే అంది. అందులో ఎగతాళి లేదు. లేదు కాబట్టే అది అంత లోతుగా దిగింది. హెడ్మాస్టర్ పక్కన, బ్యాంకు ఆఫీసర్ పక్కన నన్ను కూర్చోబెట్టింది నేను గొప్పదాన్నని కాదు, వాళ్ల మనిషిని కాదని. భాగీరథి నాకు చేసిందాంట్లో తప్పేం లేదు. దారి తప్పి వచ్చిన పిల్లను చెయ్యి పట్టి గదికి చేర్చింది, ఆకలైతే పెట్టింది, చదువైపోగానే పోయింది. చుట్టాన్ని సాగనంపాక ఎవరైనా వాకిట్లోనే నిలబడి ఉంటారా? రెండేళ్లు నేను ఏ ఫోన్ కోసం చూశానో ఆ ఫోన్ చెయ్యడానికి అక్కడ ఎవరూ లేరు. నా కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకోచోట ఉన్నప్పుడు, ఆ ఫోన్ నేనే తీసి చీరల కింద పెట్టాను. ఏడుపు ఆగలేదు. నాన్న పానా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. అవ్వ నా తల నిమిరి, గంప నా పక్కన పెట్టి, "మీ అమ్మ యాడ?" అని అడుగుతూ ఇంట్లోకి పోయింది.

గుడ్డ తీశాను. సజ్జరొట్టెలు, గిన్నెలో భజ్జి. రొట్టెల మీద నేను తెచ్చిన తెల్ల నువ్వులు.

వర్షిత ఇంకా టైర్ల కుప్ప దగ్గరే ఉంది. మొహం అటు తిప్పుకుని రోడ్డు మీద లారీలను చూస్తోంది. ఆ పిల్లకు కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"వర్షితా, రా. తిందువు రా" అన్నాను.

తను తిరిగి చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నన్ను పిలుస్తున్నవా అక్కా?" అంది.

ఇంక పిలవలేదు. తుడుచుకోవలసిన కళ్లు తుడుచుకుని, రొట్టె విరిచి, భజ్జిలో ముంచి తినడం మొదలుపెట్టాను. టైరు మీద కొంచెం పక్కకు జరిగాను. రెండు లారీలు పోయాయి. తర్వాత తను వచ్చి కూర్చుని, నా చేతిలోని రొట్టెలోంచే ఒక ముక్క తుంచుకుంది.

రొట్టె చల్లగా, గట్టిగా ఉంది. నిన్న ఆ గట్టు మీద, ఎండలో, మెత్తగా ఎట్లా ఉండేదో ఇక నాకు తెలియదు. 

"నిన్న పొలం ఎట్లుండె?" అని అడిగాను.

"ఏమో" అంది వర్షిత. "నేను రోడ్డు దిక్కే చూసుకుంట కూసున్న."